కదిలే నేల, నిలిచే ఇల్లు

1994 వేసవిలో మా నాన్నగారు ఒంగోలు నుండి తొలిసారిగా మా ఇంటికి, కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్ పట్టణానికి వచ్చారు. ప్రయాణపు బడలిక తీరిన మరునాటి ఉదయం ఆయన చేసిన మొదటి పని హాలు గోడను వేలి కణుపుతో తట్టి చూడటం. లోపల బోలుగా శబ్దం వచ్చింది. మరొకచోట తట్టారు. అక్కడా అంతే. "ఇదేమిటిరా, అట్టపెట్టెలో కాపురముంటున్నావు! ఇంత సంపన్న దేశంలో ఇటుకలకు కరువా?" అన్నారు.

మన పాఠకులలో చాలామంది ఇళ్ళకు వచ్చిన పెద్దలు ఈ మాట ఏదో ఒక రూపంలో అనే ఉంటారు. "ఇక్కడ కర్ర చవక, నాన్నగారూ" అని ఆనాటికి తప్పించుకున్నాను. అది అబద్ధం కాదు గాని సమాధానంలో సగమైనా కాదు. మిగిలిన భాగం చెప్పాలంటే గోడను విడిచి, గోడ కింది నేల దగ్గర మొదలుపెట్టాలి. బడిలో ప్లేట్ టెక్టానిక్స్ పాఠం చదువుకొని వచ్చిన పిల్లలకూ, వారి ప్రశ్నలకు జవాబు వెదుక్కునే తల్లిదండ్రులకూ కలిపి ఈ వ్యాసం వ్రాస్తున్నాను.

ముందుగా రెండు భూకంపాలను పక్కపక్కన పెట్టి చూద్దాం. 1989 అక్టోబరు 17 సాయంత్రం 5 గంటల 4 నిమిషాలకు మా ప్రాంతంలో లోమా ప్రియేటా భూకంపం వచ్చింది. దాని పరిమాణం 6.9. మరణించినవారు 63 మంది. 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున నాలుగు గంటలు కావస్తుండగా మహారాష్ట్రలోని లాతూరు జిల్లా కిల్లారి గ్రామప్రాంతంలో భూమి కంపించింది. వినాయక నిమజ్జనం ముగించుకొని జనం ఆదమరచి నిద్రిస్తున్న వేళ అది. హైదరాబాదులో కూడ మంచాలు ఊగాయి. దాని పరిమాణం 6.2 మాత్రమే. మరణించినవారు సుమారు ఎనిమిది వేల నుండి పది వేల మంది.

6.9కీ 6.2కీ తేడా స్వల్పమేనని అనిపిస్తుంది. కాని ఈ కొలమానంలో ఒక అంకె పెరిగితే యంత్రంపై నమోదయ్యే కదలిక పదింతలు, విడుదలయ్యే శక్తి సుమారు ముప్పైరెండింతలు అవుతుంది. ఆ లెక్కన కిల్లారి భూకంపపు శక్తి లోమా ప్రియేటాలో పదకొండవ వంతు ఉంటుంది. పదకొండవ వంతు శక్తికి నూరింతలకు పైగా ప్రాణాలు పోయాయి. కిల్లారి భూకంపం ఊళ్ళ కిందనే, తక్కువ లోతులో పుట్టిందనీ, లోమా ప్రియేటా కొండల నడుమ సుమారు పద్ధెనిమిది కిలోమీటర్ల లోతున పుట్టిందనీ ఒప్పుకోవాలి. అయినా ఆ ఒక్క కారణం ఇంత వ్యత్యాసానికి చాలదు.

భూమి ఎందుకు కదులుతుంది? 1967 మార్చి 27న ఒంగోలులో భూమి కంపించినప్పుడు మా నాయనమ్మ "ఆదిశేషుడు పడగ మార్చుకున్నాడు" అన్నదట. ఆ కథలోని కల్పన సంగతి అలా ఉంచి, నేల ఏదో ఒకదానిపై మోయబడుతున్నదనీ, ఆ మోసేది కదులుతుందనీ ఆమె గ్రహించింది. భూగర్భ శాస్త్రజ్ఞులు ఈ మాటను అంగీకరించడానికి ఇరవయ్యవ శతాబ్దంలో సగానికి పైగా పట్టింది. ఖండాలు కదులుతాయని 1912లో ప్రతిపాదించిన జర్మన్ శాస్త్రజ్ఞుడు ఆల్‌ఫ్రెడ్ వెగెనర్‌ను సమకాలికులలో చాలామంది పరిహసించారు. ఆయన 1930లో గ్రీన్లాండ్ మంచులో ప్రాణాలు విడిచారు. సముద్రగర్భంలోని పర్వతశ్రేణుల వద్ద కొత్త నేల పుట్టి ఇరువైపులకూ జరుగుతున్నదని 1960లలో తేలిన తరువాతనే ఆయన మాటకు విలువ వచ్చింది.

ఇప్పుడు మనకు తెలిసినది ఇది. భూమి పైపొర ఒకే పెంకు కాదు. ఏడు పెద్ద ఫలకాలుగా, మరికొన్ని చిన్న ఫలకాలుగా పగిలి ఉన్నది. పిల్లలు బడిలో ప్లేట్ అని చదివేది దీనినే. ఒక్కొక్కటి సుమారు నూరు కిలోమీటర్ల మందం. పాలు కాగుతున్నప్పుడు పైన మీగడ కట్టి, లోపలి కదలికకు అది ఒకచోట చీలి, మరొకచోట ముడుతలు పడటం అందరమూ చూచిందే. ఫలకాల కదలిక కొంతవరకు అటువంటిది. అయితే ఈ పోలికలో ఒక పొరపాటున్నది. మీగడ కింద పాలు ద్రవం. ఫలకాల కింద ఉన్నది ద్రవం కాదు, వేడెక్కిన ఘనశిల. ఘనపదార్థం ప్రవహిస్తుందా అని సందేహించేవారు రోడ్డు పక్కన వదిలేసిన తారుముద్దను గుర్తు తెచ్చుకోవాలి. సుత్తితో కొడితే పెళ్ళున విరుగుతుంది. కొన్నాళ్ళు ఎండలో వదిలేస్తే తనంత తానే జారి పరచుకుంటుంది. భూమి లోపలి శిలలు కూడ లక్షల సంవత్సరాల కాలంలో అలాగే మెల్లగా ప్రవహిస్తాయి. చల్లబడి బరువెక్కిన ఫలకపు అంచు లోపలికి కుంగిపోతూ మిగిలిన ఫలకాన్ని తనతో లాక్కొనిపోవడం ఈ కదలికకు ముఖ్యమైన కారణమని శాస్త్రజ్ఞుల అభిప్రాయం.

ఫలకాలు ఒకదానినుండి ఒకటి విడిపోయే అంచులున్నాయి, ఢీకొనే అంచులున్నాయి, రాసుకుంటూ పోయేవి ఉన్నాయి. అట్లాంటిక్ మహాసముద్రం మధ్య అవి విడిపోతున్నాయి. అందువల్ల అమెరికా ఐరోపాకు ఏటా రెండున్నర సెంటీమీటర్ల చొప్పున దూరమవుతున్నది. (విమానపు టిక్కెట్ల ధర పెరగడానికి కారణం ఇది మాత్రం కాదు.) కాలిఫోర్నియాలో పసిఫిక్ ఫలకమూ ఉత్తర అమెరికా ఫలకమూ రాసుకుంటూ పోతున్నాయి. ఏటా సుమారు అయిదు సెంటీమీటర్లు, అంటే మన గోళ్ళు పెరిగే వేగానికి కొంచెం ఎక్కువ. ఈ లెక్కన లాస్ ఏంజెలిస్ కోటి సంవత్సరాలు దాటిన తరువాత శాన్ ఫ్రాన్సిస్కోకు పొరుగూరు అవుతుంది.

అంత మెల్లని కదలిక ప్రాణాంతకం ఎలా అవుతుందన్నది అసలు ప్రశ్న. రెండు ఫలకాల అంచులు నునుపుగా ఉండవు. ఒకదానికొకటి తగులుకొని ఆగిపోతాయి. అంచు ఆగినా వెనుకనున్న ఫలకం ఆగదు. వెదురుబద్దను రెండు చేతులతో వంచినట్లు నేల వంగుతూ పోతుంది. ఏ నూరేళ్ళకో బద్ద విరుగుతుంది. వంగిన శిల ఒక్కసారిగా నిటారవుతుంది. నూరేళ్ళ నడక ఒక్క నిమిషంలో పూర్తవుతుంది. 1906 శాన్ ఫ్రాన్సిస్కో భూకంపం తరువాత కంచెలూ దారులూ కొన్నిచోట్ల ఆరు మీటర్ల దాకా పక్కకు జరిగి ఉండటం గమనించి హ్యారీ ఫీల్డింగ్ రీడ్ అనే శాస్త్రజ్ఞుడు ఈ సూత్రాన్ని చెప్పారు. నేల విరిగి జరిగే ఆ పగులును భ్రంశం అంటారు. శాన్ ఆండ్రియాస్ భ్రంశం పేరు అందరికీ తెలుసు. మా ఫ్రీమాంట్ గుండా పోయే హేవర్డ్ భ్రంశం అంత ప్రసిద్ధం కాదు. అది 1868లో ఒకసారి పెద్దగా కదిలింది. ఇప్పుడు కూడ ఏటా సుమారు అయిదు మిల్లీమీటర్ల చొప్పున జరుగుతూనే ఉన్నది. హేవర్డ్ పట్టణంలో ఒక వీధి మలుపున కాలిబాట అంచు సంవత్సరం సంవత్సరం విడిపోతూ రావడాన్ని భూగర్భశాస్త్ర విద్యార్థులు దశాబ్దాలపాటు ఫోటోలు తీసుకున్నారు. 2016లో పురపాలక సిబ్బంది ఆ సంగతి ఎరుగక దానిని తీసి కొత్తగా కట్టారు! బర్క్‌లీ విశ్వవిద్యాలయం వారి ఫుట్‌బాల్ మైదానం నిర్మాణమైతే ఈ భ్రంశానికి సరిగ్గా రెండు వైపులా కాళ్ళు చాచుకొని ఉన్నది. మన పిల్లలలో ఎందరో అందులో కూర్చొని ఆటలు చూచినవారే.

ఇది ఫలకపు అంచు కథ. మరి కిల్లారి, ఒంగోలు ఏ అంచున ఉన్నాయి? ఏ అంచునా లేవు. అందుకే దక్కను పీఠభూమికి భూకంపభయం లేదని చిరకాలం నమ్మారు. కిల్లారి ప్రాంతం ఆనాటి భారత భూకంప పటంలో అన్నిటికంటె తక్కువ ప్రమాదం గల మొదటి మండలంలో ఉండేది. 2002లో ప్రచురించిన పటంలో మొదటి మండలమే లేదు. దానిని రెండవదానిలో కలిపివేశారు.

మన దేశపు ఫలకం ఒకప్పుడు దక్షిణార్ధగోళంలో ఉండేది. సుమారు పదమూడు కోట్ల సంవత్సరాల క్రితం దాకా నేటి ఆంధ్రతీరం అంటార్కిటికాతో కలిసి ఉండేది. విశాఖపట్నం చుట్టుపక్కల కొండలలో కనిపించే ఖోండలైటు జాతి శిలలకు (అక్కడి ఖోండు గిరిజనుల పేరే ఆ శిలకు పెట్టారు) తోబుట్టువులు తూర్పు అంటార్కిటికా మంచు అంచున కనిపిస్తాయి. అక్కడినుండి విడివడి, తరువాత మడగాస్కర్‌ను వదిలి, ఈ ఫలకం ఉత్తరదిశగా ఒక దశలో ఏటా పదిహేను సెంటీమీటర్లకు పైగా పరుగెత్తింది. ఫలకాలలో అది ఆశ్చర్యకరమైన వేగం. సుమారు అయిదు కోట్ల సంవత్సరాల క్రితం ఆసియాను ఢీకొన్నది. హిమాలయాలు ఆ తాకిడికి పడిన ముడుతలు. 2015 ఏప్రిల్ 25న నేపాల్‌లో సుమారు తొమ్మిది వేల మందిని బలిగొన్న 7.8 భూకంపం ఆ తోపులాట ఇంకా ఆగలేదనడానికి నిదర్శనం.

అక్కడ హిమాలయం అడ్డు నిలిస్తే ఆ ఒత్తిడి వెనుకకు, ఫలకం మధ్యభాగంలోకి కూడ వస్తుంది. పాత కుండను నొక్కితే ఎప్పుడో బీటపడిన చోటనే పగులుతుంది. మన నేలలో అటువంటి పాత బీటలున్నాయి. గోదావరిలోయ వాటిలో ఒకటి. కోట్ల సంవత్సరాల క్రితం అక్కడ నేల చీలి కుంగింది. ఆ పల్లంలో పూడుకుపోయిన అడవులే నేటి సింగరేణి బొగ్గు. 1969 ఏప్రిల్ 13న భద్రాచలం వద్ద 5.7 పరిమాణంతో భూకంపం వచ్చింది ఈ లోయలోనే. 2024 డిసెంబరు 4 ఉదయం ములుగు జిల్లాలో 5.3 పరిమాణంతో వచ్చి, హైదరాబాదు నుండి విజయవాడ దాకా అపార్టుమెంట్ల జనాన్ని వీధిలోకి పరుగెత్తించినదీ అక్కడే. అటువంటి చోట్ల మళ్ళీ ఎప్పుడు వస్తుంది అంటే ఎవరూ చెప్పలేరు. ఫలానా తేదీన వస్తుందని ఎవరైనా చెప్పినా నమ్మవలసిన పనిలేదు.

కిల్లారి బీట మాత్రం కంటికి కనబడనిది. భూకంపం తరువాత హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థవారు అక్కడ 617 మీటర్ల లోతుకు బోరు వేశారు. అందులో పైనున్న 338 మీటర్లూ నల్లరాయి. దాని అడుగున అతి పురాతనమైన శిల. ఆ నల్లరాయి ఒకప్పటి లావా. అగ్నిపర్వతపు దుప్పటి కప్పుకొని ఉండటం వల్ల కింది బీట జాడ పైకి తెలియలేదు.

దక్కనులో అగ్నిపర్వతాలెక్కడివి అని పిల్లలు అడుగుతారు. అగ్నిపర్వతాలు ఎక్కువగా పుట్టేది ఒక ఫలకం మరొకదాని కిందికి దూరేచోట. దిగిపోయే ఫలకం తనతో సముద్రజలాన్ని ఇంకించుకొని తీసుకుపోతుంది. ఆ నీరు లోపలి వేడిశిలకు తగిలితే దాని ద్రవీభవన స్థానం తగ్గి శిల కరుగుతుంది. కరిగిన శిలాద్రవం పైకి తన్నుకొని వస్తుంది. 1980 మే 18న పేలి 57 మందిని చంపిన సెయింట్ హెలెన్స్ పర్వతం ఇటువంటిది. భారతదేశంలో నేడు సజీవంగా ఉన్న ఒకే ఒక అగ్నిపర్వతం, అండమాన్ సముద్రంలోని బారెన్ ద్వీపం, కూడ ఈ జాతిదే. అయితే దక్కను లావా కథ వేరు. హవాయి వలె అది ఫలకం అంచుతో సంబంధం లేని వేడిస్థానం వల్ల వచ్చిందని ఎక్కువమంది శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు. భూమి లోతుల్లో ఒకచోట పొయ్యి మండుతూ ఉంటుంది. దానిమీదుగా ఫలకం నడచిపోతుంది. సుమారు 6 కోట్ల 60 లక్షల సంవత్సరాల క్రితం మన ఫలకం అటువంటి పొయ్యి మీదికి వచ్చింది. పగుళ్ళనుండి వెలువడిన లావా పశ్చిమ, మధ్య భారతాన్ని పొరలు పొరలుగా కప్పివేసింది. ఒక ప్రవాహం నదీలోయల వెంట సుమారు వెయ్యి కిలోమీటర్లు తూర్పుకు పారి రాజమండ్రి దగ్గరకు చేరిందని పరిశోధకులు గుర్తించారు. గోదావరికి ఇరువైపులా కాతేరు, పంగిడి పరిసరాలలో క్వారీలలో కొట్టే నల్లరాయి అదే. పత్తి పండే నల్లరేగడి నేలలో అధికభాగం ఈ రాయి చివికి ఏర్పడినది.

ఫలకం ఉత్తరానికి సాగిపోయినా పొయ్యి ఆరలేదు. దాని జాడ లక్షదీవుల నుండి మాల్దీవుల మీదుగా దక్షిణానికి సాగి, మారిషస్‌ను పుట్టించి, నేడు రియూనియన్ ద్వీపంలో మండుతున్నది. పంతొమ్మిదవ శతాబ్దంలో కోరంగి రేవు నుండి చెరకుతోటల పనికి మారిషస్ వెళ్ళిన మన తెలుగువారు ఆ పొలాల్లో గుట్టలుగా పేర్చిన నల్లరాళ్ళు తమ గోదావరి ఒడ్డు రాళ్ళకు అక్కచెల్లెళ్ళని ఎరిగి ఉండరు.

లావా మహావిచిత్రమైన విషయమే గాని మన ఇంటిని కూల్చేది అది కాదు. మళ్ళీ గోడ దగ్గరకు వద్దాం.

శిల విరిగిన చోటు నుండి రెండు రకాల తరంగాలు బయలుదేరుతాయి. మొదటిది ముందుకూ వెనుకకూ నెట్టుకుంటూ సెకనుకు సుమారు ఆరు కిలోమీటర్ల వేగంతో వస్తుంది. అది ఒక చిన్న కుదుపు. రెండవది నేలను పక్కలకు ఊపుతూ సుమారు మూడున్నర కిలోమీటర్ల వేగంతో వెనుకగా వస్తుంది. గోడలను పడగొట్టేది ఎక్కువగా ఇదే. మెరుపుకూ ఉరుముకూ నడుమ క్షణాలు లెక్కపెట్టి పిడుగు ఎంత దూరాన పడిందో చెప్పే విద్య మనకు తెలిసిందే. ఇక్కడ కూడ మొదటి కుదుపుకూ పెద్ద ఊపుకూ మధ్య ఎన్ని సెకన్లో లెక్కించి ఎనిమిదితో గుణిస్తే ఎన్ని కిలోమీటర్ల దూరంలో భూకంపం పుట్టిందో రమారమి తెలుస్తుంది. కాలిఫోర్నియాలో 2019 నుండి చేతిఫోన్లకు వస్తున్న హెచ్చరిక ఈ వ్యవధిపైననే ఆధారపడినది. కొన్ని సెకన్లే దొరుకుతాయి. బల్ల కిందికి దూరడానికి చాలు. సముద్రం మీదైతే వ్యవధి మరింత ఎక్కువ. 2004 డిసెంబరు 26న సుమత్రా దగ్గర 9.1 భూకంపం వచ్చాక సునామీ అల మద్రాసు తీరాన్ని చేరడానికి రెండున్నర గంటలు పట్టింది. ఆనాడు చెప్పేవారు లేక ఆ వ్యవధి వృథా అయింది. 2007 నుండి హైదరాబాదులోనే హెచ్చరిక కేంద్రం పనిచేస్తున్నది.

పరిమాణమూ తీవ్రతా ఒకటి కాదని కూడ పిల్లలు తెలుసుకోవాలి. పెళ్ళిపందిట్లో పెట్రోమాక్స్ దీపం వెలుగు ఎంతో అంతే; కాని దాని కిందనున్నవాడికి అక్షరాలు కనిపిస్తాయి, ప్రహరీ దగ్గరున్నవాడికి కనిపించవు. పరిమాణం దీపం వంటిది. తీవ్రత మనమున్న చోటికి అందిన వెలుతురు వంటిది. దూరంతోబాటు నేల స్వభావం కూడ దానిని మార్చుతుంది. లోమా ప్రియేటాలో ఎక్కువమంది మరణించింది భూకంపం పుట్టినచోటికి చేరువలో కాదు. సుమారు తొంభై కిలోమీటర్ల దూరాన ఓక్లాండ్‌లో, మెత్తని ఒండ్రుమట్టిపై కట్టిన రెండంతస్తుల కాంక్రీటు రహదారి కూలి 42 మంది పోయారు. ఆ సాయంత్రం ప్రపంచ సీరీస్ బేస్‌బాల్ ఆట ఉండటంతో జనం పెందలాడే ఇళ్ళకు చేరారు గాని లేకుంటే ఆ సంఖ్య ఇంకెంతో ఉండేది.

కిల్లారి ఇళ్ళ గోడలు రెండడుగులకు మించిన మందం. గుండ్రాళ్ళను మట్టితో పేర్చినవి. పైన దూలాలపై బరువైన మట్టికప్పు. మన రాయలసీమ మట్టి మిద్దెలెరిగినవారికి ఆ ఇల్లు కళ్ళకు కడుతుంది. ఎండకు చల్లగా, చలికి వెచ్చగా ఉండే చక్కని ఇల్లు. కాని బరువు ఎంత ఎక్కువైతే నేల ఊగినప్పుడు దానిపై పడే బలం అంత ఎక్కువ. ఆ బలాన్ని పట్టి ఉంచే బంధం మట్టి ఒక్కటే. కర్ర ఇల్లు తేలిక. వంగుతుంది, కిర్రుమంటుంది, మేకుల దగ్గర కొంత సడలుతుంది, సాధారణంగా కూలదు. అలాగని కర్ర ఇంటికి లోటులేదనుకోరాదు. 1906లో శాన్ ఫ్రాన్సిస్కోను భూకంపం కంటె తరువాత మూడురోజులు మండిన మంటలే ఎక్కువగా నాశనం చేశాయి.

కాంక్రీటు ఉంటే చాలునని కూడ అనుకోరాదు. 2001 జనవరి 26న భుజ్ భూకంపంలో రెండువందల కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న అహమ్మదాబాదులో కొత్త అపార్టుమెంట్లు కూలాయి. వాటిలో చాలావాటికి కింది అంతస్తు కార్ల కోసం ఖాళీగా వదిలిన స్తంభాలపై నిలిచినది. పై అంతస్తులకు గోడల బిగువు ఉంటుంది, కిందిదానికి ఉండదు. ఊపు అంతా ఆ స్తంభాలమీదనే పడుతుంది. 1994 జనవరిలో లాస్ ఏంజెలిస్ దగ్గర నార్త్‌రిడ్జ్‌లో కింద కార్లు నిలిపే ఒక కర్ర అపార్టుమెంటు కూడ అలాగే కుంగి పదహారుగురు మరణించారు. మనలో ఎందరో హైదరాబాదులో, విజయవాడలో ఫ్లాట్లు కొంటున్నారు. పాలరాయి నేలనూ వంటగది బీరువాలనూ పరిశీలించేటప్పుడు ఆ కింది అంతస్తు స్తంభాలకు అదనపు బలం గాని, మధ్య కాంక్రీటు గోడలు గాని ఉన్నాయా అని కూడ అడగాలి. స్తంభంలోని నిలువు చువ్వలను చుట్టి ఉండే రింగుల కొసలు 135 డిగ్రీల మేర లోపలికి వంచారా అని అడగాలి. భారత ప్రమాణం 13920 చెప్పేది అదే. తొంభై డిగ్రీల వద్ద వదిలేసిన కొస ఊపుకు విప్పుకుంటుంది, లోపలి కాంక్రీటు రాలిపోతుంది. కట్టడం పూర్తయ్యాక రింగు కంటికి కనిపించదు గనుక ఆ ప్రశ్న ముందుగానే వేయాలి.

ఈ సంగతులలో కొన్ని ఆ వేసవిలో నాన్నగారితో చెప్పినప్పుడు ఆయన అంతా విని, "అయితే ఈ అట్టపెట్టెను పునాదికి దేనితో బిగించారు?" అని అడిగారు. నేను ఎన్నడూ చూడలేదు. టార్చిలైటు తీసుకొని నేల కింది సందులోకి పాకి వెళ్ళి చూచాను. 1950లలో కట్టిన ఇల్లు మాది. కర్రచట్రం పునాది మీద ఊరకే కూర్చొని ఉన్నది. ఒక్క బోల్టూ లేదు. ఆ అక్టోబరులో ఇద్దరు పనివాళ్ళు వచ్చి బోల్టులు బిగించి, గరాజులోని నీళ్ళ హీటరును గోడకు ఇనుపపట్టీతో కట్టివేశారు. నాన్నగారు వారి వెంటనే తిరిగి లెక్కపెట్టుకున్నారు.

మరుసటి ఏడు ఒంగోలు ఇంటిమీద రెండు గదులు వేయించారు. తలుపులూ కిటికీల పైఎత్తున నాలుగు గోడలనూ చుట్టివచ్చేలా ఒకే ముక్కగా కాంక్రీటు పట్టీ పోయించాననీ, రింగుల కొసలు అంత వంచడం తన సర్వీసులో చూడలేదని మేస్త్రీ విసుక్కున్నాడనీ, అయినా వంచాడనీ జాబు వ్రాశారు.